డార్విన్ చిట్టా, డార్విన్ గుట్ట

ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది చదవని పుస్తకాల గురించి.

పుస్తకాలు కొనే అలవాటున్న ప్రతి ఇంట్లోనూ ఒక గుట్ట ఉంటుంది. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో కొన్నవి, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చినవి, స్నేహితులు "ఇది తప్పకుండా చదవాలి" అని చేతిలో పెట్టినవి. ఇంట్లోవాళ్ళు "ఉన్నవి చదివాక కొత్తవి కొనొచ్చు కదా" అంటారు. మన దగ్గర జవాబుండదు. ఇంకోవైపు, ఈ ఏడాది నేను ఇన్ని పుస్తకాలు చదివాను అని లెక్క రాసుకునేవాళ్ళు ఉన్నారు. నేనూ రాస్తాను. డిసెంబరు నెలాఖరుకి ఆ అంకె చూసుకుంటే బాగానే ఉంటుంది. కానీ మార్చిలో చదివిన పుస్తకంలో ఏముందని ఎవరైనా అడిగితే, తల గోక్కోవాల్సిందే.

ఈ లెక్కా, ఈ గుట్టా రెండూ బాగా తెలిసిన ఒక మనిషి కథ ఈ రోజు చెబుతాను. ఆయన చార్లెస్ డార్విన్. జీవపరిణామ సిద్ధాంతం గురించి మనం వేరే చోట్ల చాలా విన్నాం. ఇవాళ ఆయన్ని ఒక పాఠకుడిగా చూద్దాం.

కథలోకి వెళ్ళేముందు రెండు మాటలు గుర్తుచేస్తాను. మన పాత వ్యాపారుల లెక్కల్లో చిట్టా అని ఒకటి, ఆవర్జా అని ఒకటి ఉండేవి. ఏ రోజు ఏం జరిగిందో ఆ రోజే, వరసగా, తేదీ వేసి రాసుకునేది చిట్టా. అందులోంచి పేరుపేరునా, ఖాతా ఖాతాకీ విడదీసి ఎక్కించేది ఆవర్జా. నిన్న ఎంత బేరం జరిగిందో చిట్టా చెబుతుంది. ఫలానా సుబ్బయ్య మనకి మొత్తం ఎంత బాకీ ఉన్నాడో తెలియాలంటే మాత్రం ఆవర్జా తియ్యాలి. చిట్టా ఒక్కటే పెట్టుకుని వ్యాపారం చేసేవాడికి బాకీలు వసూలు కావు. డార్విన్ చదువుకి కూడా ఈ రెండు పుస్తకాలూ ఉన్నాయి. అసలు విషయం అక్కడే ఉంది.

మొదట చిట్టా. డార్విన్ 1831 డిసెంబరులో బీగిల్ ఓడ ఎక్కాడు. అప్పటికి ఆయన వయసు 22. ఆ ఓడలో సుమారు 400 సంపుటాల గ్రంథాలయం ఉండేది. ఓడ వెనక భాగంలో ఉన్న ఒక చిన్న గదిలో ఆ బీరువాలు. ఆ గదిలోనే బల్ల, ఆ గదిలోనే డార్విన్ పడుకునే ఉయ్యాల పడక. అంటే ఓడలో ఉన్నన్నాళ్ళూ ఆయన పుస్తకాల మధ్యే నిద్రపోయాడు. ఓడ దిగి కొండలూ మైదానాలూ తిరగడానికి వెళ్ళినప్పుడు ఒకే ఒక్క పుస్తకం వెంట తీసుకెళ్ళే వీలుంటే, ఆయన మిల్టన్ కావ్యాన్ని తీసుకెళ్ళేవాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

1836లో ఇంగ్లండ్ తిరిగొచ్చాడు. 1837 జూలైలో, జీవజాతులు మారతాయా అన్న ప్రశ్న మీద మొదటి నోట్‌బుక్ తెరిచాడు. ఆ తర్వాత 1838లో చదువు కోసమే విడిగా లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. అందులో రెండు జాబితాలు. ఒకటి చదవాల్సిన పుస్తకాలు, రెండోది చదివిన పుస్తకాలు. ఎక్కడైనా ఒక పుస్తకం పేరు కనబడితే, ఎవరైనా చెబితే, మొదటి జాబితాలోకి వెళ్ళేది. చదవడం అయ్యాక తేదీ వేసి రెండో జాబితాలో రాసేవాడు. శాస్త్ర గ్రంథాలు ఒక వైపు, మిగతావి ఒక వైపు. జీవితచరిత్రలు, యాత్రలు, నవలలు, పశువుల పెంపకం మీద చిన్న చిన్న పుస్తకాలు, అన్నీ ఉన్నాయి. ఈ లెక్క 1860 దాకా నడిచింది. ఇరవై రెండేళ్ళు! పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, లండన్ వదిలి కెంట్‌లోని డౌన్ పల్లెకి కాపురం మార్చారు, ఆరోగ్యం పాడయింది, కూతురు పోయింది. లెక్క మాత్రం ఆగలేదు. ఆ నోట్‌బుక్కులు ఇప్పటికీ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి.

ఆ చిట్టాలో అన్నిటికంటే పేరుపొందిన పద్దు 1838 అక్టోబరు 3న ఉంది. జనాభా మీద మాల్థస్ రాసిన పుస్తకం. మనుషుల సంఖ్య పెరిగే వేగం తిండి పెరిగే వేగం కంటే ఎక్కువ అని మాల్థస్ వాదం. ఈ పుస్తకం చదువుతున్నప్పుడే, బతుకు పోరాటంలో పనికొచ్చే మార్పులు నిలుస్తాయి, పనికిరానివి పోతాయి అన్న ఆలోచన డార్విన్‌కి తట్టింది. ప్రకృతి వరణం అనే సిద్ధాంతానికి బీజం అదే.

ఆయన తన ఆత్మకథలో ఏమంటాడంటే, మాల్థస్‌ని కాలక్షేపానికి చదివానని. సరే, అలా అనుకుందాం. కానీ మాల్థస్‌ని ఆ రోజుల్లో చదివినవాళ్ళు ఒకరా ఇద్దరా? ఆ పుస్తకం మొదట వచ్చింది 1798లో. డార్విన్ చేతికి వచ్చింది 1826 నాటి ఆరో ముద్రణ. నలభై ఏళ్ళుగా అందరూ చదువుతున్న పుస్తకమే అది. డార్విన్‌కి అది ఎందుకు తట్టింది?

నా ఉద్దేశంలో, ఆయన దగ్గర ఖాతా తెరిచి ఉంది కాబట్టి. పదిహేను నెలలుగా ఒకే ప్రశ్న పేరు మీద నోట్సు రాసుకుంటూ వస్తున్నాడు. చదివింది వెళ్ళి పడటానికి ఒక చోటు సిద్ధంగా ఉంది. చిట్టాలో చూస్తే మాల్థస్ ఒక్క వరస, అంతే. పైనా కిందా ఉన్న పుస్తకాలకీ దానికీ తేడా కనబడదు. చిట్టాకి ఏ పుస్తకం బరువెంతో తెలియదు. ఆ సంగతి ఆవర్జాకే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఆవర్జా ఎలా ఉండేదో చూద్దాం. దీని వివరాలు రెండు చోట్ల దొరుకుతాయి. ఒకటి 1876లో డార్విన్ రాసుకున్న ఆత్మకథ. రెండోది ఆయన కొడుకు ఫ్రాన్సిస్, తండ్రి పోయాక 1887లో వేసిన జీవితచరిత్రలో రాసిన జ్ఞాపకాలు. ఫ్రాన్సిస్ చివరి సంవత్సరాల్లో తండ్రికి సహాయకుడిగా పనిచేశాడు కాబట్టి, ఇదంతా కళ్ళారా చూసినవాడు.

డార్విన్ పుస్తకం చదువుతూ పక్కన పెన్సిలుతో గీత గీసేవాడు. ఒక్కోసారి రెండు ముక్కలు రాసేవాడు. పుస్తకం అయిపోయాక చివరి అట్ట దగ్గర, తను గుర్తుపెట్టిన పేజీల అంకెలు వరసగా వేసుకునేవాడు. అక్కడితో ఆగితే అది మనమూ చేసే పనే. ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టేముందు, ఆ పేజీలు మళ్ళీ తీసి చూసి, సారాంశం రాసేవాడు. అదీ ఒకే కాగితం మీద కాదు. ఒక పుస్తకంలో పావురాల గురించి ఒక ముక్క, విత్తనాల గురించి ఒక ముక్క, మనిషి ముఖకవళికల గురించి ఒక ముక్క ఉంటే, మూడూ మూడు కాగితాల మీదికి వెళ్ళేవి. ఆయన దగ్గర 30 నుంచి 40 దాకా పెద్ద పెద్ద అట్టల సంచులు ఉండేవి, ఒక్కొక్క విషయానికి ఒక్కొక్కటి, పేర్లు అంటించిన అరల్లో. ఏ ముక్క ఏ సంచిలోకి వెళ్ళాలో అందులోకి వెళ్ళేది. కొత్త పుస్తకం రాయడం మొదలుపెట్టేటప్పుడు, ఆ విషయానికి సంబంధించిన సంచులు కిందికి దించితే చాలు. జీవితమంతా చదివింది బల్ల మీదికి వచ్చేసేది. ఆవర్జా అంటే అదీ!

ఇందులో ఇంకో నియమం ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. తన సిద్ధాంతానికి వ్యతిరేకంగా ఏదైనా కనబడితే, అది చదివిందైనా, చూసిందైనా, ఊరికే తోచిందైనా, దాన్ని వెంటనే, తప్పకుండా రాసి పెట్టుకునేవాడు. ఎందుకంటే మనకి అనుకూలమైనవి గుర్తుంటాయి, గిట్టనివి ఇట్టే మరిచిపోతాం అని ఆయన అనుభవం. అందుకే 1859లో పుస్తకం వచ్చాక విమర్శకులు వేసిన ప్రశ్నల్లో చాలావాటికి ఆయన ముందే జవాబు ఆలోచించుకుని ఉన్నాడు. వడ్డీ వ్యాపారి తనకి రావాల్సినవే రాసుకుని, తను ఇవ్వాల్సినవి రాయకపోతే అది దొంగలెక్క కదా. డార్విన్ రెండు వైపులా రాశాడు.

పుస్తకాల్ని ఆయన పూజించేవాడు కాదు. ఇది వింటే మనకి గుండె కలుక్కుమంటుంది. పుస్తకం కాలు తగిలితే కళ్ళకద్దుకునే వాళ్ళం మనం. ఆయనేమో లావు పుస్తకం చేతికి బరువైతే మధ్యకి కోసేసేవాడు! చార్లెస్ లయెల్ అని పెద్ద భూగర్భ శాస్త్రవేత్త, ఆయన స్నేహితుడు. మీ పుస్తకాన్ని రెండు ముక్కలు చెయ్యాల్సొచ్చిందని ఆయనతోనే చెప్పి, తర్వాతి ముద్రణ రెండు సంపుటాలుగా తెప్పించానని డార్విన్ గొప్పగా చెప్పుకునేవాడట. చిన్న పుస్తకాల్లో అయితే కావలసిన పేజీలు ఉంచుకుని మిగతావి పారేసేవాడు.

ఆయనకి సమాచారం పుస్తకాల షాపుల నుంచి మాత్రమే వచ్చేది కాదు. ఉత్తరాల్లోనూ వచ్చేది. ఇక్కడ మన ప్రాంతం కథలోకి వస్తుంది. వాల్టర్ ఇలియట్ పేరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి. 1845లో గుంటూరు ప్రాంతంలో పనిచేస్తూ అమరావతి స్తూపం దగ్గర తవ్వించింది ఈయనే. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల్ని చాలాకాలం ఇలియట్ పేరుతోనే పిలిచారు. ఉత్తర సర్కారు జిల్లాల్లో దొరికే మొక్కలకి తెలుగు పేర్లూ, శాస్త్రీయ నామాలూ కలిపి ఆయన ఒక జాబితా తయారుచేశాడు. 'ఫ్లోరా ఆంధ్రికా' అని, 1859లో మద్రాసులో అచ్చయింది. డార్విన్ 'జాతుల పుట్టుక' వచ్చిన సంవత్సరమే.

1856 జనవరిలో డార్విన్ ఈ ఇలియట్‌కి ఉత్తరం రాశాడు. అప్పట్లో ఆయన పావురాలు పెంచుతున్నాడు. మీ దేశంలో పావురాల, కోళ్ళ తోళ్ళు పంపగలరా అని అడిగాడు. ఇలియట్ పంపాడు. అంతేకాదు, పావురాల మీద 1770లో పారశీకంలో రాసిన ఒక గ్రంథానికి అనువాదం కూడా డార్విన్‌కి అందించాడు. 1868లో పెంపుడు జంతువుల మీద డార్విన్ వేసిన పెద్ద పుస్తకంలో ఆ పారశీక గ్రంథం వాడుకున్నాడు, ఎవరు రాశారో, ఎవరి దయవల్ల తనకి దొరికిందో చెప్పాడు. ఏళ్ళ కింద వచ్చిన కాగితం ఎవరిదో, ఏ విషయానికి సంబంధించిందో చెదరకుండా ఉందంటే, అది ఆ అట్టల సంచుల చలవే అని నాకనిపిస్తుంది.

ఇదంతా వింటే, ఈయన చేతికొచ్చిన ప్రతి పుస్తకమూ చదివేశాడని అనిపిస్తుంది కదా? అదేం కాదు. ఇప్పుడు గుట్ట సంగతి చూద్దాం.

ఆయన గదిలో ఒక అర నిండా చదవని పుస్తకాలే ఉండేవట. ఫ్రాన్సిస్ రాశాడు. ఇంకో అరలో చదివేసి, ఇంకా జాబితాకెక్కనివి. చదవని అర వైపు చూసి డార్విన్ మూలిగేవాడట, వీటిలో చాలావాటిని నేనెప్పటికీ చదవలేనని ఆయనకి తెలుసు కాబట్టి. రెండో అర నిండిపోయి పొంగిపొర్లుతుంటే, ఇక తప్పదురా అని దిగాలుగా ఒక రోజంతా కూర్చుని సారాంశాలు రాసేవాడు. ఆ పని ఆయనకి ఇష్టం ఉండేది కాదు. మన డార్విన్ కూడా మనలాంటివాడే!

కానీ ఒక తేడా ఉంది. ఆయన గుట్ట నుంచి పుస్తకం తీసి తిరగేసి, పనికిరాదనుకుంటే, చివర ఒక సున్నా చుట్టేవాడు. అంటే ఇందులో గుర్తుపెట్టింది ఏమీ లేదని. కొన్నిటి మీద చదవలేదు అనీ, పైపైన చూశాను అనీ రాసి పెట్టేవాడు. చదవనిది చదవలేదని రాసుకోవడం. చూడటానికి చిన్న పనే, కానీ మనలో ఎంతమంది రాస్తాం?

మూలగడానికి ఇంకో కారణం జర్మన్ భాష. శాస్త్ర గ్రంథాలు చాలావరకు జర్మన్‌లో వచ్చేవి. ఆయన నిఘంటువు పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం కష్టపడేవాడు. జర్మన్ మొదలుపెట్టానని గొప్పగా చెబితే, స్నేహితుడు హుకర్ "అదేముంది, నేను ఎన్నోసార్లు మొదలుపెట్టాను" అన్నాడట.

ఆ రోజుల్లో చాలా పుస్తకాలు పేజీల అంచులు మడతలు కోయకుండానే వచ్చేవి. చదివేవాడు కాగితాల కత్తితో కోసుకుంటూ వెళ్ళాలి. అందుకే ఎంతవరకు చదివారో ఈనాటికీ పుస్తకం చూసి చెప్పొచ్చు. 1873లో కార్ల్ మార్క్స్ తన 'పెట్టుబడి' గ్రంథం రెండో జర్మన్ ముద్రణని సంతకం చేసి డార్విన్‌కి పంపాడు. డార్విన్ మర్యాదగా ధన్యవాదాలు రాశాడు. ఆ పుస్తకం 822 పేజీలు. మడతలు కోసింది 105వ పేజీ వరకే.

ఇది నవ్వుకునే కథ. ఇప్పుడు చెప్పేది నవ్వుకునేది కాదు. పిల్లలకి తల్లిదండ్రుల లక్షణాలు ఎలా వస్తాయి? డార్విన్ సిద్ధాంతంలో పెద్ద లోటు ఇదే. ఆయనకీ తెలుసు. ఆ ఖాతా ఆయన జీవితమంతా తెరిచే ఉంది. 1868లో తనకి తోచిన ఒక జవాబు ఇచ్చాడు, అది నిలబడలేదు. అదే కాలంలో బ్ర్నో పట్టణంలో గ్రెగర్ మెండెల్ అనే సన్యాసి బఠానీ మొక్కలతో ప్రయోగాలు చేసి, 1865లో చదివి వినిపించి, 1866లో అచ్చు వేశాడు. మెండెల్ డార్విన్‌ని చదివాడు. జర్మన్ అనువాదం మీద ఆయన పెట్టుకున్న గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

మరి డార్విన్ మెండెల్‌ని చదివాడా? డార్విన్ బీరువాలో మెండెల్ వ్యాసం విప్పకుండా పడి ఉందని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. అది నిజం కాదు, అలాంటి ప్రతి ఏదీ ఆయన పుస్తకాల్లో దొరకలేదు. దొరికింది వేరేది. సంకర మొక్కల మీద ఫోకె అనే ఆయన రాసిన 1881 నాటి జర్మన్ పుస్తకం. అందులో మెండెల్ ప్రయోగాల ప్రస్తావన ఉంది. డార్విన్ ఆ పుస్తకాన్ని, ఎన్‌సైక్లోపీడియాకి వ్యాసం రాస్తున్న తన యువ మిత్రుడు రోమేన్స్‌కి అరువిచ్చాడు కూడా. ఆ ప్రతిలో మెండెల్ బఠానీల గురించి ఉన్న పేజీల మడతలు కోయలేదు.

చదివి ఉంటే ఏమయ్యేది అన్న ప్రశ్నకి చరిత్ర జవాబు చెప్పదు. అప్పటికి డార్విన్‌కి డెబ్భై దాటాయి, 1882లో కన్నుమూశాడు. ఫోకె ప్రస్తావన చదివినంత మాత్రాన మెండెల్ గొప్పతనం తెలిసిపోయేదని కూడా చెప్పలేం. లోకమంతా మెండెల్‌ని గుర్తించింది 1900లోనే. కానీ ఇరవై రెండేళ్ళు చిట్టా రాసి, నలభై సంచుల ఆవర్జా నడిపిన మనిషికి కూడా, కావలసిన ఖాతా తెరిచి ఉండగానే, ఆ ఒక్క పద్దు గుట్టలో ఉండిపోయింది. గుట్టంటే నవ్వులాట కాదని నేననేది అందుకే.

ఇంకో నష్టం ఉంది. అది ఆయనే చెప్పుకున్నాడు. మిల్టన్ పుస్తకం వెంట పెట్టుకుని తిరిగిన ఆ కుర్రవాడు, ముసలితనంలో ఒక్క పద్యం కూడా చదవలేకపోయాడు. భార్య ఎమ్మా చదివి వినిపించే నవలలు వినేవాడు, అవీ సుఖాంతమైతేనే. మళ్ళీ జన్మంటూ ఉంటే వారానికి ఒకసారైనా కవిత్వం చదవాలని నియమం పెట్టుకునేవాణ్ణి అని ఆత్మకథలో బాధపడ్డాడు. ఖాతాలో ఎక్కేవే చదువుతూ పోతే, ఏ ఖాతాలోనూ ఎక్కనివి జారిపోతాయి.

2024 ఫిబ్రవరిలో, ఆయన పుట్టినరోజుకి, పరిశోధకులు డార్విన్ గ్రంథాలయం మొత్తం జాబితాని మళ్ళీ కూర్చి ఇంటర్నెట్‌లో పెట్టారు. 7,400 శీర్షికలు, దాదాపు 13,000 సంపుటాలు. అంతకుముందు మనకి తెలిసినవి 1,480 పుస్తకాలే. మిగతావి ఎలా తెలిశాయంటే, 1875లో మొదలుపెట్టి రాయించిన 426 పేజీల చేతిరాత జాబితా లాంటి కాగితాల వల్ల. పుస్తకాలు చెదిరిపోయాయి, లెక్క మిగిలింది.

మరి దీంట్లో మనకి పనికొచ్చేదేమిటి? నాకు తోచింది చెబుతాను. ఎన్ని చదివాం అన్నది చిట్టా. రాసుకోండి, తప్పులేదు. ఆత్మకథ రాసేటప్పుడు డార్విన్ కూడా తన జాబితా చూసి, ఇంత చదివానా అని ఆశ్చర్యపోయాడు. కానీ దాంతోపాటు రెండో పుస్తకం తెరవండి. మీకు నిజంగా కావలసిన ప్రశ్నలు నాలుగో అయిదో ఉంటాయి. మీ ఊరి చరిత్ర కావచ్చు, చెరువుల సంగతి కావచ్చు, మీ కులవృత్తి కావచ్చు, ఒక రాగం కావచ్చు. ఒక్కొక్క దానికి నాలుగు కాగితాలు కేటాయించండి. ఏ పుస్తకం చదివినా, అందులోంచి ఆ ఖాతాకి చెందిన ముక్క, పేజీ నంబరుతో సహా, అక్కడ రాయండి. మీకు గిట్టని ముక్క అయితే ముందు రాయండి. ఏ ఖాతాకీ చెందని పుస్తకం కూడా అప్పుడప్పుడూ ఒకటి చదవండి.

ఇక గుట్ట. దాన్ని చూసి సిగ్గుపడక్కర్లేదు. అది మనం ఎవరికో తీర్చాల్సిన అప్పు కాదండీ, మనకి రావలసిన బాకీ. అన్ని బాకీలూ వసూలు కావని ప్రతి వ్యాపారికీ తెలుసు. అయినా పేరు రాసి పెట్టుకుంటాడు. ఎవరి దగ్గర ఎంత ఉందో తెలియకపోతేనే నష్టం. మీ గుట్టలో ఉన్న పుస్తకాల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్క దాని పక్కన ఇది ఏ ఖాతా కోసం కొన్నానో ఒక్క మాట రాయండి. అప్పుడు ముందు ఏ మడత కొయ్యాలో మీకే తెలుస్తుంది.